ట్రైనింగ్‌కు ఏడాది విరామం: జీతం లేని పన్నెండు నెలలకు లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ప్రస్తుతం లీడ్స్‌లో ఎనస్థీషియా ఎస్‌టీ4 (స్పెషలిస్టు శిక్షణలో నాలుగో ఏడాది) ట్రైనీని. మూల వేతనం ఏడాదికి 65,048 పౌండ్లు. నాన్నగారికి పక్షవాతం వచ్చింది, గుంటూరులో అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. వచ్చే ఆగస్టు నుంచి ఏడాదిపాటు కెరీర్ బ్రేక్ తీసుకుని, మూడేళ్ల పాపతో సహా వాళ్ల దగ్గర ఉండాలనుకుంటున్నాను. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇక్కడే ఉంటారు. ఆయనకు చేతికొచ్చేది నెలకు 2,900 పౌండ్లు. మార్ట్‌గేజ్ వాయిదా 1,150, నర్సరీ ఫీజు కాక మిగతా ఇంటి ఖర్చు 1,200. స్థిర వడ్డీ గడువు నవంబరులో ముగుస్తుంది. పొదుపు 24,000 పౌండ్లు ఉంది. గుంటూరులో నెలకు 80,000 రూపాయలు ఖర్చవుతుందని అంచనా. మా ఇద్దరికీ గత ఏడాది ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. ఈ ఏడాది పెన్షన్ ఆపేయవచ్చా? మంగళగిరి దగ్గరున్న స్థలం అమ్మేయమని బంధువులు అంటున్నారు. అమ్మాలా?

జవాబు: డాక్టర్ గారూ, మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే ఈ ఏడాదిని మీ కుటుంబం తట్టుకోగలదు, స్థలం అమ్మవలసిన అవసరం లేదు. మీవారి జీతంలో ఇంటి ఖర్చులు పోను 550 పౌండ్లు మిగులుతాయి. గుంటూరు ఖర్చు నేటి మారకపు రేటులో దాదాపు 700 పౌండ్లు కాబట్టి, నెలకు 150 పౌండ్లు మాత్రమే తక్కువ పడుతుంది. దానికి విమాన టిక్కెట్లు, జీఎంసీ (వైద్యుల రిజిస్ట్రేషన్ సంస్థ) వార్షిక రుసుము, రాయల్ కాలేజీ (ఎనస్థీషియా వైద్యుల వృత్తి సంస్థ) సభ్యత్వం, తిరిగి వచ్చాక మొదటి జీతం చేతికందే వరకు అయ్యే ఖర్చు కలుపుకున్నా, 10,000 పౌండ్లలో గడిచిపోతుంది. మిగిలిన 14,000 ఇక్కడి ఇంటికి ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది. ఆ సొమ్మును మాత్రం ఏ కారణం చేతనైనా ముట్టుకోకండి, ఎందుకంటే ఆ ఏడాది మీ ఇల్లు ఒకే జీతం మీద నిలబడి ఉంటుంది. పాప ఎనిమిది వారాలకు మించి దేశం బయట ఉంటే చైల్డ్ బెనిఫిట్ (పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే భత్యం) సాధారణంగా ఆగిపోతుంది కనుక, తీసుకుంటున్నట్లయితే ముందుగానే తెలియజేయండి.

నిజమైన లాభనష్టాలు బయలుదేరే తేదీలోనూ, కాగితాలు నడిపించే క్రమంలోనూ ఉన్నాయి. బ్రిటన్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. మీరు ఏప్రిల్ నుంచి ఏప్రిల్ వరకు సెలవు తీసుకున్నారనుకుందాం. ఒక పన్ను సంవత్సరంలో ఆదాయమే ఉండదు, అంటే 12,570 పౌండ్ల పన్నులేని పరిమితి పూర్తిగా వృథా అవుతుంది. మరో సంవత్సరంలో పూర్తి జీతం వచ్చి, పెన్షన్ చందా పోయిన తరువాత కూడా 50,270 దాటిన భాగంపై 40 శాతం పన్ను పడుతుంది. అదే ఏడాదిని ఆగస్టు నుంచి ఆగస్టుకు జరిపితే, మొదటి పన్ను సంవత్సరంలో నాలుగు నెలల జీతం, రెండో దానిలో ఎనిమిది నెలల జీతం వస్తుంది. రెండు సార్లూ పన్నులేని పరిమితి పూర్తిగా వాడుకుంటారు, ఏ సంవత్సరంలోనూ 40 శాతం శ్లాబు తగలదు. 2025-26 రేట్లతో మీ మూల వేతనానికి లెక్కవేస్తే తేడా దాదాపు 4,000 పౌండ్లు, అంటే గుంటూరులో అయిదు నెలలకు పైగా ఖర్చు. రొటేషన్ (ట్రైనీలు కొత్త పోస్టుకు మారే సమయం) కోసం మీరు ఎంచుకున్న ఆగస్టు పన్నుకూ కలిసివచ్చింది, దాన్ని మార్చకండి. రెండు సంవత్సరాల్లోనూ తగినంత జీతం ఉంటుంది కాబట్టి ప్రభుత్వ పెన్షన్‌కు కావలసిన నేషనల్ ఇన్సూరెన్స్ సంవత్సరాలు కూడా పోవు.

అయితే ఈ లాభంలో కొంత భాగం అడిగితేనే సకాలంలో వస్తుంది. ఆగస్టు వరకు మీ జీతంలో ఏడాదంతా పనిచేస్తారన్న లెక్కతో పన్ను కోసి ఉంటారు. ఉద్యోగ ఒప్పందం ముగిసి పీ45 (ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే జీతం, పన్ను వివరాల పత్రం) చేతికి వచ్చాక, ఆ పన్ను సంవత్సరంలో ఇక ఆదాయం లేదని తెలుపుతూ పీ50 దరఖాస్తు పంపితే దాదాపు 2,200 పౌండ్లు వెనక్కి రావాలి. పీ85 మాత్రం నింపకండి, అది దేశం విడిచి వెళ్లేవారి కోసం. భర్త, ఇల్లు, నాలుగు నెలల ఉద్యోగం ఇక్కడే ఉండటం వల్ల మీరు రెండు సంవత్సరాలూ పన్ను పరంగా బ్రిటన్ నివాసిగానే లెక్కకు వస్తారు. భారతదేశంలో ఆగస్టు నుంచి మార్చి వరకు 182 రోజులు దాటడం వల్ల అక్కడ కూడా నివాసి అవుతారు. కానీ అంతకు ముందు ఏడేళ్లలో మీరు అక్కడ గడిపినది 729 రోజులకు మించదు కనుక ‘రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరీలీ రెసిడెంట్’ హోదా వర్తిస్తుంది, మీ బ్రిటన్ జీతంపై అక్కడ పన్ను ఉండదు. పాత పాస్‌పోర్టులలోని ముద్రలు చూసుకుని ఆ రోజులను ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇక పెన్షన్ గురించి. దాన్ని ఆపేయాలన్న మీ ఆలోచనతో నేను ఏకీభవించను, కనీసం మొదటి ఆరు నెలలకు. 2015 ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) పెన్షన్ పథకంలో ప్రతి ఏడాది పెన్షన్ వేతనంలో 54వ వంతు జీవితకాల పెన్షన్‌గా జమవుతుంది. మీ వేతనానికి అది ఏడాదికి సుమారు 1,200 పౌండ్లు, ధరల పెరుగుదలను బట్టి పెరిగేది. ఉద్యోగ ఒప్పందం కొనసాగుతూ యాజమాన్యం ఆమోదించిన సెలవులో ఉన్నవారు తమ వాటా కడితే, మొదటి ఆరు నెలలు యజమాని వాటా యజమానే చెల్లిస్తాడు. ఆ తరువాత పద్దెనిమిది నెలల వరకు కొనసాగించవచ్చు గాని రెండు వాటాలూ మీరే కట్టాలి. మీ వాటా ప్రస్తుతం నెలకు దాదాపు 580 పౌండ్లు. ఆరు నెలలకు సుమారు 3,500 కట్టి, జీవితాంతం ఏడాదికి 600 పౌండ్ల పెన్షన్ సంపాదించే అవకాశం బయట ఏ పథకంలోనూ దొరకదు. పైన చెప్పిన పన్ను వాపసు దీనికి చాలా వరకు సరిపోతుంది. అయితే రెండూ ఒకేసారి అందుతాయని అనుకోకండి: పీ45, పీ50 మార్గం ఒప్పందం ముగిసినవారిది, ఒప్పందం కొనసాగితే అదనపు పన్నును వేరే దారిలో సరిచేసి ఇస్తారు. రెండో ఆరు నెలలను వదిలేయవచ్చు.

ఇదంతా ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. కెరీర్ బ్రేక్‌కు పోస్ట్‌గ్రాడ్యుయేట్ డీన్ ఆమోదం ఇస్తే మీ ట్రైనింగ్ నంబరు నిలిచి ఉంటుంది, కానీ మీ ఉద్యోగ ఒప్పందం సంగతి డీన్ చేతిలో లేదు, అది మీ యజమాని అయిన ఆసుపత్రి ట్రస్టుది. కొన్నిచోట్ల ఒప్పందాన్ని అలాగే ఉంచుతారు, కొన్నిచోట్ల ముగించి, తిరిగి వచ్చినప్పుడు కొత్తది ఇస్తారు. కాబట్టి హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్‌లో ఇలా అడగండి: ‘సెలవు కాలంలో నా ఉద్యోగ ఒప్పందం కొనసాగుతుందా, ముగుస్తుందా? కొనసాగితే మొదటి ఆరు నెలల పెన్షన్ చందా ఎలా వసూలు చేస్తారు?’ జవాబు రాతపూర్వకంగా వచ్చేవరకు తేదీ ఖరారు చేయకండి. ఎన్‌హెచ్‌ఎస్ సర్వీసు కొనసాగింపు, రేపు మరో బిడ్డ కావాలనుకుంటే ప్రసూతి వేతనం కూడా ఈ జవాబును బట్టే ఉంటాయి. దరఖాస్తు ఆరు నెలల ముందే, అంటే ఫిబ్రవరిలోపు, చేరాలి. సెలవులో ఉన్నా ఏటా ఏఆర్‌సీపీకి (ట్రైనింగ్ పురోగతిపై వార్షిక సమీక్ష) కాగితాలు పంపకపోతే ట్రైనింగ్ నంబరుకే ముప్పు.

పెన్షన్ పథకంలో క్రియాశీల సభ్యులుగా ఉన్నప్పుడు మరణిస్తే కుటుంబానికి సుమారు రెండేళ్ల వేతనం ఒకేసారి అందుతుంది. చందా ఆగితే ఆ రక్షణ తగ్గుతుంది. మూడేళ్ల పాప ఉంది, ఇంటి అప్పు ఉంది. విడిగా టర్మ్ పాలసీ లేకపోతే, జీతం వస్తున్నప్పుడే తీసుకోండి. ఆదాయ రక్షణ పాలసీ ఉంటే, జీతం లేని ఏడాదిలో, విదేశంలో ఉన్నప్పుడు అది ఎంతవరకు చెల్లుతుందో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జీఎంసీ రుసుములో తక్కువ ఆదాయం ఉన్నవారికి రాయితీ ఉంది, దరఖాస్తు చేసుకోండి.

మీకు ఐఎల్‌ఆర్ ఉండటం పెద్ద ఊరట. స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్న వైద్యులు జీతం లేని సెలవు ఏడాదిలో నాలుగు వారాలు మించితే, ప్రసూతి, అనారోగ్యం వంటి మినహాయింపులు తప్ప, స్పాన్సర్‌షిప్ కోల్పోయే ప్రమాదం ఉంది. ఈ జవాబు చదివి వారెవరూ తొందరపడకూడదు. మీ ఐఎల్‌ఆర్ వరుసగా రెండేళ్లు బయట ఉంటేనే రద్దవుతుంది. అయితే పౌరసత్వం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే, అయిదేళ్లలో 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు మించి బయట ఉండకూడదన్న నిబంధన మీకు అడ్డొస్తుంది. ఆగస్టుకు ముందే దరఖాస్తు పెట్టాలి, లేదా తిరిగి వచ్చాక ఎక్కువ కాలం ఆగాలి.

స్థలం సంగతి. పన్ను పరంగా మీరు భారతదేశ నివాసి కాని ఏడాదిలో అమ్మితే కొనుగోలుదారుడు మూలంలో పన్ను కోయాలి. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, లాభం మీద కాక అమ్మకపు మొత్తం మీదే కోస్తారు, వాపసు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. పైగా ఆ లాభాన్ని బ్రిటన్‌లోనూ చూపాలి. 10,000 పౌండ్ల అవసరానికి ఇంత తతంగం అక్కరలేదు. మీ నాన్నగారి చికిత్స ఖర్చు అంచనాకు రెండింతలైతే అప్పుడు ఆలోచిద్దాం.

ఒక ఖర్చు మాత్రం ఈ లెక్కల్లో కనిపించదు. మీ సీసీటీ (స్పెషలిస్టు శిక్షణ పూర్తయిందన్న ధ్రువపత్రం) ఏడాది వెనక్కి జరుగుతుంది కనుక కన్సల్టెంట్ జీతం కూడా ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది. ఇంగ్లండులో 2025-26లో అది 109,725 పౌండ్లతో ప్రారంభమైంది. ఆ నష్టం నిజమైనదే. అయినా పదవీ విరమణను ఏడాది వెనక్కి జరుపుకోవచ్చు, నాన్నగారు కోలుకోవలసిన ఈ నెలలను జరపలేరు. అందుకే వెళ్లమనే నా సలహా.

ముందుగా మార్ట్‌గేజ్ పని చూసుకోండి. స్థిర వడ్డీ గడువు ముగిసే నవంబరులో మీకు జీతం ఉండదు. అప్పుడు కొత్త బ్యాంకుకు వెళితే ఒక్క జీతం మీదే అప్పు ఇవ్వవచ్చా అని చూస్తారు. ప్రస్తుత బ్యాంకుతోనే కొత్త వడ్డీ ఒప్పందానికి మారితే సాధారణంగా ఆదాయం మళ్లీ పరీక్షించరు, కొన్ని నెలల ముందే వడ్డీ ఖాయం చేసుకోనిస్తారు. మీ ఆదాయం మారుతున్న సంగతి అడిగితే దాచకుండా చెప్పి, జులై పేస్లిప్ వచ్చేలోపే ఆ ఒప్పందం పూర్తి చేయండి.