వైరస్‌ల గురించి చదువుతానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ. కాలేజీలో నీట్ కోచింగ్ కూడా నడుస్తోంది. తనేమో డాక్టర్ చదువు వద్దు, వైరస్‌లు మన కణాల్లోకి ఎలా దూరతాయో, వాటికి మందులు ఎలా కనిపెడతారో చదువుతానంటోంది. నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌కి పంపుదామని మావారు అంటున్నారు. ఆ చదువుకి ఉద్యోగాలుంటాయా? వైజాగ్‌లోనే చదవొచ్చా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, రోగికి మందు రాయడం వేరు, ఆ మందును కనిపెట్టడం వేరు. మీ అమ్మాయి రెండోది కోరుకుంటోంది. దాని కోసం లాంగ్ టర్మ్‌లో ఒక ఏడాది కూర్చోబెట్టాల్సిన పని లేదు. అయితే ఈ దారిలో కూడా కష్టం తక్కువేమీ కాదు. అది ఏ రకం కష్టమో మీ ఇద్దరికీ ముందే తెలియాలి.

వైరస్ తనంతట తాను పెరగలేదు. ముందు ఒక కణాన్ని పట్టుకోవాలి. కరోనా వైరస్ తన స్పైక్ ప్రొటీన్‌తో మన కణాల మీదుండే ఏస్2 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఫ్లూ వైరస్‌కి సియాలిక్ ఆమ్లం కావాలి. హెచ్ఐవీకి సీడీ4 ఒక్కటే చాలదు, సీసీఆర్5 లాంటి ఇంకో ప్రొటీన్ కూడా ఉండాలి. లోపలికి చేరాక మన రైబోజోములతోనే తన ప్రొటీన్లు తయారు చేయించుకుంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. బ్యాక్టీరియాకి సొంత రైబోజోములు, సొంత కణకవచం ఉంటాయి కాబట్టి యాంటీబయాటిక్ వాటి మీద దెబ్బ కొడుతుంది. వైరస్ వాడుకునేది మన సరంజామానే. దాన్ని ఆపబోతే మన కణమే దెబ్బతినొచ్చు.

అందుకే వైరస్‌కి మాత్రమే సొంతమైనది ఏముందో వెతకాలి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఎసైక్లోవిర్. హెర్పిస్‌కి, సర్పికి డాక్టర్లు రాసే మందు ఇది. ఆరోగ్యంగా ఉన్న కణంలోకి వెళ్తే దాదాపు ఏ పనీ చేయకుండా ఉండిపోతుంది. వైరస్ ఉన్న కణంలోకి వెళ్తే, ఆ వైరస్ తయారుచేసిన థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మిగతా రెండు ఫాస్ఫేట్లు మన కణం ఎంజైములే చేరుస్తాయి. అప్పుడది వైరస్ కట్టుకుంటున్న డీఎన్ఏలో చేరి ఆ గొలుసును అక్కడితో ఆపేస్తుంది. అంటే మందును మేల్కొలిపేది వైరస్సే! ఈ పరిశోధనకు నాయకత్వం వహించిన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో వైద్యంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆమె డాక్టర్ కాదు, కెమిస్ట్రీ చదివిన మనిషి.

నేను మీ అమ్మాయికి ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. వైరస్‌ల మీద ఇష్టంతో వచ్చే బైపీసీ పిల్లలు చాలామంది బయాలజీ ఒక్కటే ఇష్టంగా చదువుతారు, ఆర్గానిక్ కెమిస్ట్రీని మార్కుల కోసం బట్టీ పడతారు. మందు అంటే ఒక అణువు. అందులో ఏ పరమాణువుల గుంపు ఎక్కడుంటే అది ప్రొటీన్‌కి అతుక్కుంటుందో తెలియాలంటే కెమిస్ట్రీ లోతుగా రావాలి. ఇప్పుడు కంప్యూటర్ మీద ప్రొటీన్ ఆకారాలు చూసి అణువుల్ని డిజైన్ చేస్తున్నారు కాబట్టి గణితం, కోడింగ్ కూడా కొంత కావాలి.

ఇక దారులు. సైన్స్ చదువుకీ పరిశోధనకీ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఐఐఎస్‌ఈఆర్‌లు. వాటి ప్రవేశ పరీక్షని బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కానీ 60 ప్రశ్నల్లో 15 గణితానివే, అందుకు ఇప్పటి నుంచే సిద్ధపడాలి. తిరుపతిలోనే ఒక ఐఐఎస్‌ఈఆర్ ఉంది. వైజాగ్ దాటి పంపలేమంటే ఈఏపీసెట్‌తో ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీలో బీఫార్మసీ, లేదా కెమిస్ట్రీతో పాటు బయోకెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో దొరికే బీఎస్సీ చూడండి. పీజీ దశలో మాత్రం బయటికి పంపడానికి మనసు సిద్ధం చేసుకోండి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో వైరాలజీకే ప్రత్యేక విభాగం ఉంది. బీఫార్మసీ చేస్తే హైదరాబాద్‌లో నైపర్ అనే ఫార్మసీ పీజీ సంస్థ ఉంది.

ఉద్యోగాల మాట సూటిగా చెప్తాను. మీ గాజువాకకి దగ్గర్లోని పరవాడలో లారస్ ల్యాబ్స్ హెచ్ఐవీ మందుల ముడిపదార్థాలు తయారు చేస్తోంది. నక్కపల్లిలో హెటెరో అనే మందుల కంపెనీ ఉంది. హెచ్ఐవీ వైరస్ లోపలి తొడుగు మీద పనిచేసే లెనాకపవిర్‌ని, ఆరు నెలలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ అది, జెనరిక్‌గా తయారు చేయడానికి 2024లో లైసెన్సు పొందిన కంపెనీల్లో హెటెరో ఒకటి. బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకి ఇలాంటి చోట్ల ప్రొడక్షన్‌లో, క్వాలిటీ కంట్రోల్‌లో పని దొరుకుతుంది. ఇది తయారీ పని, గౌరవమైన పని. కొత్త మందు కనిపెట్టే పనికి మాత్రం పీహెచ్‌డీ దాకా చదవాలి. అంటే 27, 28 ఏళ్లు వచ్చేస్తాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధక ఫెలోషిప్ అర్హత, వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి అప్పుడు మీ మీద భారం పడదు. ఆలోపు పెళ్లి మాటతో చదువు మధ్యలో ఆపించకుండా ఉండగలరా అన్నది మీరూ మీవారూ ఇప్పుడే మాట్లాడుకోండి. బాగా చదివే అమ్మాయిలు అక్కడ ఆగిపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

నీట్ రాయనివ్వండి, ఎలాగూ చదువుతోంది. ఈలోగా ఎసైక్లోవిర్ అణువు బొమ్మనీ, డీఎన్ఏలోని డీఆక్సీగ్వానోసిన్ బొమ్మనీ పక్కపక్కన గీసి, రెండింటికీ తేడా ఎక్కడుందో, ఆ తేడా వల్ల గొలుసు ఎందుకు ఆగిపోతుందో కనిపెట్టమనండి. దానితో రెండు మూడు రోజులు ఇష్టంగా కుస్తీ పడితే ఐఐఎస్‌ఈఆర్‌కి అప్లై చేయించండి. బొమ్మలు చూడగానే విసుగొస్తే, బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో వైరస్ నిర్ధారణ పరీక్షల వైపు వెళ్లవచ్చు. అందులో కెమిస్ట్రీ భారం తక్కువ.