పోకర్ ఆడే ప్రతివాడూ తానే మొనగాణ్ననుకుంటాడేం? అది అదృష్టమా, నైపుణ్యమా?

రెండూ ఉన్నాయండి. కానీ మీ ప్రశ్నలో మొదటి సగానికే నా దగ్గర సరుకుంది. గెలిచినవాడికి ఎదురుచెప్పేవాడు ఉండడు, అందుకే అలా అనుకుంటాడు. మా గోదావరి జిల్లాల్లో ఆ గెలిచినవాడు అల్లుడయ్యాడంటే ఇక చూస్కోండి.

మాది పాలకొల్లు వైపు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రాత్రి ఇంటినిండా జనమే. హైదరాబాద్ నుంచి వచ్చిన మా చెల్లెలి భర్త, పదమూడు ముక్కలాట పాతబడిపోయిందని, మాకందరికీ పోకర్ నేర్పుతానని కూర్చున్నారు. డబ్బుల్లేవు, చింతపిక్కలే. మా పెదనాన్న కూడా కళ్లజోడు తుడుచుకుని వచ్చి చేరాడు.

ఇందులో చేతికిచ్చేది రెండు ముక్కలే, కింద పరిచేవి ఐదు అందరికీ ఉమ్మడి. కాసేపటికి నాకు రెండూ ఆసులే పడ్డాయి. అలా పడటం 221 ఆటలకి ఒకసారి. కింద తొమ్మిది, ఆరు, రెండు, ఆ తర్వాత జాకీ పరిచారు. బావగారు పిక్కలన్నీ ముందుకి తోసేశారు, నేనూ తోశాను. ముక్కలు తిప్పితే ఆయన దగ్గర రాజు, తొమ్మిది. అంటే ఉన్నది తొమ్మిదుల జతొక్కటే, నా ఆసుల జత కంటే చిన్నది. కనబడని 44 ముక్కల్లో ఆయన్ని గట్టెక్కించేవి ఐదు: మూడు రాజులు, రెండు తొమ్మిదులు. చివరి ముక్క తిప్పారు. కళావరు రాజు!

పిక్కలు పోతే పోయాయి. ఆ తర్వాత గంటసేపు క్లాసు పీకారు చూడండి! నేను పిక్కలు తోసేటప్పుడు చెయ్యి తడబడిందట, నా దగ్గర గట్టి ముక్కలు లేవని పసిగట్టేశారట. (నా దగ్గరున్నవి ఆసులండీ, రెండు ఆసులు.) మా అమ్మ అరిసెల పళ్లెం తెచ్చి "అల్లుడుగారి బుర్ర పాదరసం" అంది. పెదనాన్న ఒక్కడే "ఆ రాజు వస్తాడని మీకు ముందే తెలుసా అల్లుడుగారూ?" అన్నాడు. "ఫీలింగ్ వచ్చిందండి మావయ్యగారూ" అన్నారు.

అక్కడితో ఆగారా, అమెరికా కథ ఎత్తుకున్నారు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ పోటీలో గెలిచి, దాంతో వరల్డ్ సిరీస్ అనే పెద్ద పోకర్ పోటీలో చోటు సంపాదించి, 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. నిజమే. కానీ ఆ పోటీలో కూర్చున్నది 839 మంది. మిగతా వాళ్లలో ఒక్కడి పేరు చెప్పమంటే బావగారు అరిసె కొరుక్కుంటూ ఉండిపోయారు.

ఇంకో గొడవ, కోర్టు తీర్పు. 1968లో, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటని సుప్రీంకోర్టు అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, చేతిలోవి పేర్చుకోవాలి కాబట్టి. మూడు ముక్కలాటని మాత్రం ఆ లెక్కలోకి రానివ్వలేదు. అరుగు మీద కూర్చునే ప్రతివాడూ ఆ తీర్పేదో తనకిచ్చిన సర్టిఫికెట్టన్నట్టు మాట్లాడతాడు. ఆటకి నైపుణ్యం కావాలంది గానీ, నీకుందని ఎక్కడందిరా నాయనా! 2025లో కేంద్రం తెచ్చిన చట్టమైతే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఒకే గాటన కట్టేసింది.

అసలు నైపుణ్యం నేను పెదనాన్న దగ్గర చూశాను. రమ్మీలో 101 పూల్ అని ఒకటుంది, పాయింట్లు 101కి చేరితే ఆట నుంచి ఔటే. అందులో మొదటే ముక్కలు పడేసి తప్పుకుంటే 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40, ఆశకొద్దీ చివరిదాకా కూర్చుంటే 80 దాకా నెత్తిన పడతాయి. ఆయన ముక్కలు ఒక్కసారి చూస్తాడు. లైఫ్ (జోకర్ లేకుండా కుదరాల్సిన వరస) కుదిరేలా లేదు, జోకర్ లేదు అనుకుంటే పడేసి, లేచి టీ తాగొస్తాడు. "ఇవాళ ఎంత బాగా పడేశానో" అని ఊళ్లో ఎవడన్నా చెప్పుకోగా విన్నారా? పైగా ఏ రాత్రి లెక్క ఆ రాత్రే పాత డైరీలో రాసుకుంటాడు, ఓడినవి కూడా. పోకర్‌లోనూ అంతే, ఒక్క రాత్రిలో ఏదీ తేలదు, వేల ఆటలాడాలి. డైరీ లేనివాడు నిపుణుణ్నంటే నేనొప్పుకోను.

మా దగ్గర రొయ్యల చెరువుల్లోనూ ఇదే వరస. 30 కౌంట్‌కి, అంటే కిలోకి ముప్పై తూగేంత పెద్ద రొయ్యలకి, పట్టుబడి చేస్తే "నా మేత పద్ధతండీ" అంటారు. వైట్ స్పాట్ జబ్బు వస్తే మాత్రం తప్పంతా వాతావరణం, సీడు, పక్క చెరువువాడు వదిలిన నీళ్లు. బావగారు ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా లీజు రేట్లు అడుగుతున్నారు. కౌంట్ ఎంతొస్తుందో కూడా ఇప్పుడే చెప్పేస్తున్నారు.