బెండ మడిలో ఆకుచుట్టు పురుగు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

బెండ ఆకులు గరాటాల్లా చుట్టుకుపోతున్నాయనీ, ఏ మందు కొట్టాలో చెప్పమనీ రాశావు. మందు మాట తరువాత, ముందు ఒక చుట్టను విప్పి చూడు. సన్నని పట్టుదారాలతో బిగించిన ఆకు లోపల నల్లని తల, నిగనిగలాడే లేతాకుపచ్చ ఒళ్లు ఉన్న గొంగళిపురుగు, దాని చుట్టూ నల్లని రెట్ట కనిపిస్తే అది ఆకుచుట్టు పురుగే. వేలు తగిలితే గింజుకుని జారిపోతుంది కనుక రెండో చేతిని కింద పట్టి విప్పు. దారమూ పురుగూ లేకుండా ఆకు అంచులు మాత్రమే ముడుచుకుని ఉంటే అది రసం పీల్చే పురుగుల పని, దాని వైద్యం వేరు.

పసుపు కలిసిన తెల్లని రెక్కల మీద గోధుమరంగు అలల గీతలున్న చిన్న రెక్కల పురుగు దీని తల్లి. ఆకుల అడుగున అది పెట్టిన గుడ్లు 2 నుంచి 6 రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగులు మొదట ఆకు అడుగునే గీకి తింటూ, కాస్త ఎదిగాక చుట్టలోకి చేరి, వాతావరణాన్ని బట్టి 15 నుంచి 35 రోజులు తింటాయి. చుట్టలోకి చేరిన పురుగుకు పైనుంచి కొట్టిన మందు సరిగా తగలదు. అందుకే ఇంటి మడికి స్ప్రేయరు కన్నా చెయ్యే మేలని నా అభిప్రాయం. వారానికి రెండుసార్లు చుట్టలను తుంచి సబ్బునీళ్లలో ముంచు, గట్టు మీద మాత్రం పారేయకు. నాలుగు ఆకులు పోయినంత మాత్రాన బెండ కాపు తగ్గదు. మందార, పత్తి, తుత్తురబెండ కూడా దీనికి ఇష్టమే కాబట్టి బెండ ఒక్కదాన్నే చూసి ఊరుకోవద్దు.

చేత్తో ఏరలేనంతగా పురుగులు పెరిగితే, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టు. పిల్ల పురుగుల మీద ఇది బాగా పనిచేస్తుంది, ముదిరిన వాటి మీద అంతంతమాత్రమే. ఘాటైన విషమందుల జోలికి పోవద్దు. రోజు విడిచి రోజు కోసి తినే కాయ అది, పైగా ఈ పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలు కూడా ఆ మందుకే చస్తాయి. వాడిపోయిన పురుగు పక్కన బియ్యపుగింజ కన్నా చిన్న తెల్లని గూళ్లు కనిపిస్తే అవి ఆ కందిరీగలవే, ఆ ఆకును తుంచకుండా వదిలెయ్యి.

కాపు అయిపోయాక మోళ్లనూ రాలిన ఆకులనూ మడిలో ఉంచకు, పురుగు వాటిలోనే దాక్కుని తరువాతి పంటకు వస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న