‘నరం’ దొరకలేదంటే తప్పా?

సందేహం: మా అమ్మగారికి రక్తపరీక్ష చేయించడానికి కావలి నుంచి నెల్లూరు వెళ్లి, పొగతోటలో ఒక ల్యాబులో కూర్చున్నాం. సూది పట్టుకున్న అమ్మాయి ‘నరం దొరకడం లేదమ్మా’ అంది. పదో తరగతి చదివే మా అబ్బాయి ‘నరం కాదక్కా, సిర అనాలి’ అని దిద్దాడు. ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచి, మెదడు నుంచి కబుర్లు మోసేది నాడి అనీ, నరమంటే అదేననీ చూపించాడు. మరి ఆయుర్వేద వైద్యులు మణికట్టు పట్టుకుని చూసే నాడి ఏమిటి? వాళ్లు చూసేది నరాన్నా, రక్తనాళాన్నా? ఇందులో ఎవరి మాట ఒప్పు?

సమాధానం: మీ అబ్బాయి పాఠం ప్రకారం ఒప్పు, ల్యాబు అమ్మాయి తెలుగు ప్రకారం ఒప్పు. అసలు పేచీ మీరు చివర్లో అడిగిన ‘నాడి’తోనే వచ్చింది. దాని సంగతికి ముందు నరం సంగతి చూద్దాం.

నరం మన సొంత మాట. తమిళంలో నరంబు, కన్నడంలో నర. చికిత్సకు చెన్నై వెళ్లివచ్చే నెల్లూరు వాళ్లకు నరంబు చెవిన పడే ఉంటుంది. పాత తమిళంలో వాద్యపు తంత్రిని కూడా నరంబే అన్నారు. మాట స్వభావం అక్కడే తెలుస్తుంది. ఒంట్లో తాడులాగానో దారంలాగానో సాగి కనిపించేదల్లా మనవాళ్లకు నరమే. ‘కాళ్లలో నరాలు ఉబ్బాయి’ అంటే అవి సిరలు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. ‘మడమ వెనక నరం తెగింది’ అంటే కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువు. ‘నరాల డాక్టరుకు చూపించాం’ అంటే మెదడుకు సంబంధించిన తీగలు. మూడు చోట్లా వస్తువు వేరు, మాట ఒకటే. అయినా వినేవాళ్లు ఎక్కడా తడబడరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే వంటింట్లోకి రండి. రొయ్యలు ఒలిచేటప్పుడు వీపు చీల్చి నల్లటి నరం లాగేస్తారు కదా, అది నిజానికి రొయ్య పేగు. నలుపంతా అది తిన్న తిండి. రొయ్యకు కబుర్లు మోసే అసలు తీగ పొట్టవైపు ఉంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. పేగును నరమన్నందుకు ఏ పులుసూ చెడిపోయినట్లు నేను వినలేదు.

ఇది తెలుగువాళ్ల అజ్ఞానమనుకునేవారికి ఒక మాట. ఇప్పుడు శాస్త్రం నెత్తిన పెట్టుకున్న ‘న్యూరాన్’ కూడా గ్రీకులో మొదట స్నాయువుకు, వింటినారికి చెల్లిన మాటే. కోసి చూసి, ఏది ఏ పని చేస్తుందో తేల్చాకనే అక్కడా అర్థాలు విడిపోయాయి. మన దగ్గర కోసి లెక్కపెట్టినవాళ్లూ ఉన్నారు. మన పాత శస్త్రవైద్య గ్రంథం సుశ్రుత సంహిత సిరలు 700, ధమనులు 24, స్నాయువులు 900 అని వేరువేరుగా చెప్పింది. ఆ లెక్కలు నేటి శాస్త్రానికి సరిపోవు, పేర్లు మాత్రం పాఠ్యపుస్తకాలకు పనికొచ్చాయి. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనికి మూలమైన ‘ధమ్’ ధాతువుకు ఊదడమని అర్థం. గ్రీకులూ ధమనిని గాలిగొట్టమనే అనుకున్నారు. శవంలో అది ఖాళీగా కనిపిస్తుంది మరి.

ఇక నాడి. సంస్కృతంలో దీనికి బోలుగా ఉండే కాడ, గొట్టం అని అర్థం. తామరతూడును చెప్పే నాళానికి ఇది దగ్గరి చుట్టం. వైద్యుడు మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో వేళ్లు ఆనించి చూసేది ధమనిని. గుండె రక్తాన్ని నెట్టిన ప్రతిసారీ దాని గోడ ఎగిరి పడుతుంది, పెద్దవాళ్లలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు. గొట్టాన్ని నాడి అనడంలో పొరపాటేమీ లేదు. మెదడు తీగకు నాడి అని పేరు పెట్టినవాళ్లే ఇబ్బంది తెచ్చారు. ఆ తీగ బోలుగా ఉండదు, అందులో ఏదీ పారదు, మణికట్టు దగ్గర కొట్టుకోదు. వెన్నెముక పొడవునా ఉంటాయని యోగశాస్త్రం చెప్పే ఇడ, పింగళ, సుషుమ్న నాడులను తలచుకుని ఆ పేరు పెట్టారని నా అనుమానం.

ఫలితం చూడండి. ప్రసరణ పాఠంలో ‘నాడీ స్పందన’ గుండె పని, నియంత్రణ పాఠంలో ‘నాడీ ప్రచోదనం’ మెదడు పని. పుస్తకం ఒకటే, మాట ఒకటే, పిల్లవాడు మాత్రం రెండు బుర్రలు పెట్టుకోవాలి! ఆకు పాఠం రాసినవాళ్లు ఇలా చేయలేదు. తమలపాకు చుట్టే ప్రతి ఇంటికీ తెలిసిన ‘ఈనె’ను అలాగే ఉంచి, ఈనెల వ్యాపనం అన్నారు. నన్ను అడిగి ఉంటే నాడిని మణికట్టుకే వదిలేసి, మెదడు తీగకు నరం అనే పేరే ఖాయం చేయమనేవాణ్ని. ఇప్పుడు ఆ ముచ్చట తీరదు. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు అని పిల్లలు బట్టీపట్టి కూర్చున్నారు.

మీ అబ్బాయి ఇంకో ప్రశ్న వేయకముందే చెబుతాను. ‘నరం లేని నాలుక’ అనే నానుడిని పుస్తకపు అర్థంలో తీసుకుంటే అది అబద్ధం. నాలుకను తిప్పే నాడి పన్నెండో కపాల నాడి, అది లేకపోతే నాలుక కదలనే కదలదు. నాలుక పైకెత్తి అద్దంలో చూసుకుంటే అడుగున అటూ ఇటూ నీలి గీతలు కూడా కనిపిస్తాయి, అవి సిరలు. నానుడిలోని నరం మాత్రం బిగించి పట్టే తాడు. కట్టుబాటు లేని నాలుక ఎటైనా తిరుగుతుందని దాని భావం.

రాసేటప్పుడు ఏం చేయాలి? పరీక్షలో సిర, ధమని, నాడి అని పుస్తకం చెప్పినట్లే రాయమనండి, మార్కు పోగొట్టుకోవడం దేనికి? పత్రికకు రాసేవారు రక్తం విషయమైతే రక్తనాళమనీ, మెదడు విషయమైతే నరమనీ రాస్తే చాలు. మణికట్టుకు తప్ప నాడిని వాడకపోతే మరీ మంచిది.

ల్యాబులో మాత్రం ‘నరం’ అనే అనండి. ఆ అమ్మాయి జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూయమన్నది చూశారు కదా. పైపైన ఉండే సిరల్లో రక్తం గుండెవైపు తిరిగి పోతుంటుంది. పట్టీ ఆ దారిని మూసేస్తుంది, లోతుగా ఉన్న ధమని మాత్రం రక్తాన్ని కిందికి పంపుతూనే ఉంటుంది. అందుకే పట్టీకి దిగువన నరం ఉబ్బుతుంది. రక్తం ఒంట్లో చుట్టి తిరుగుతుందని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే వాదించినప్పుడు చూపిన రుజువుల్లో ఇలా చెయ్యికి కట్టు కట్టడం ఒకటి. ఈసారి వెళ్లేముందు అమ్మగారి చేత కాసిని మంచినీళ్లు తాగించండి. చెయ్యిని కాసేపు కిందికి వేలాడదీసి, గోరువెచ్చటి తడిగుడ్డ వేసి ఉంచండి. నరం తేలిగ్గా దొరుకుతుంది.