విదేశీ టూరిస్టు బాధితురాలైతే కేసు గతి తేలేది మొదటి వారంలోనే

విదేశీ సందర్శకులున్న క్రిమినల్ కేసుల్ని ప్రాసిక్యూటర్లు, అంటే ప్రభుత్వం తరఫు లాయర్లు, ఎలా నడుపుతారన్నది ప్రశ్న. విదేశీయుడు ముద్దాయి అయితే దారి కొంత స్పష్టంగానే ఉంటుంది. అరెస్టు చేయగానే వాళ్ల ఎంబసీకి కబురు పెట్టించుకునే హక్కు ఉందని అతనికి చెప్పాలి. 1963 నాటి వియన్నా ఒప్పందంలో ఉన్న మాట ఇది. బెయిల్ అడిగితే దేశం దాటిపోతాడని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడ్డుపడతారు. అలాగని దేశం విడిచి వెళ్లడని ఎంబసీ నుంచి సర్టిఫికెట్ తెమ్మనే షరతును ప్రతి కేసులోనూ పెట్టకూడదని 2024లో ఫ్రాంక్ విటస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం విదేశీయులు బాధితులైన కేసుల గురించి. వాటిని పట్టించుకునేవాళ్లే లేరు.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో చేనేత బట్టల దుకాణం. కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక జరిగిన సంగతి ఇది. మగ్గాలు చూడటానికి వచ్చిన ఒక జర్మన్ ఆవిడ బ్యాగు కారులోంచి పోయింది. అందులో ఆమె కెమెరా ఉంది. నేనే వెంటబెట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లాను. అక్కడ మొదట విన్న మాట: "మిస్సింగ్ అని రాసియ్యమను అన్నా, ఇన్సూరెన్స్‌కు పనికొస్తది. ఎల్లుండి ఫ్లైటెక్కి పోయేటామెకు కేసెందుకు?" గట్టిగా పట్టుబడితే దొంగతనం కిందే ఎఫ్ఐఆర్ కట్టారు. దొంగ మర్నాడే దొరికాడు, కెమెరా కూడా దొరికింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. కెమెరాను తెల్లగుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, పంచుల (జప్తుకు సాక్షుల) సంతకాల చీటీ అంటించి కోర్టులో పెట్టారు. ఆ పంచుల్లో నేనొకణ్ని. కేసు తేలేదాకా రాదేమోనని ఆమె దిగులు. మేం పిటిషన్ వేశాం. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) మేడం చేతిలో ఆ రోజు ఫైళ్ల గుట్ట ఉంది. "సాక్ష్యం సార్, ఇవ్వకూడదు" అని ఒక్క మాట అంటే ఆమె పని అయిపోయేది. ఆమె అలా అనలేదు. ఫొటోలు, వీడియో తీసి, సీరియల్ నంబరు రాసుకుని, బాండు మీద ఇచ్చేస్తే అభ్యంతరం లేదన్నారు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు వస్తువుల్ని ఊరికే మగ్గబెట్టవద్దని చెప్పింది. ఇప్పుడు సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 497వ సెక్షన్‌లో ఫొటోలు తీసి, 14 రోజుల్లో వివరాలు రాసిపెట్టాలని ఉంది. కోర్టు హాల్లోనే సీలు విప్పారు.

మేడం అంతటితో ఊరుకోలేదు. అదే చట్టం 183వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ ముందు ఆ జర్మన్ ఆవిడ చేత వాంగ్మూలం ఇప్పించమని ఎస్సైకి చెప్పారు. పాస్‌పోర్టు కాపీ, ఇంటి అడ్రసు, ఈమెయిల్ ఫైల్లో పెట్టించారు. ఎందుకంటే ఆ వాంగ్మూలం ఒక్కటే చాలదు, విచారణలో డిఫెన్స్ లాయరు ఆమెను క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. దానికి వీడియో కాన్ఫరెన్స్ ఉంది. అమెరికాలో ఉన్న డాక్టరు సాక్ష్యాన్ని అలా తీసుకోవచ్చని ప్రఫుల్ దేశాయ్ కేసులో 2003లోనే తేల్చారు. టూరిస్టు ఎలాగూ వెళ్లిపోతుంది, నాలుగు వాయిదాలు సాగదీస్తే చాలు అన్నదే ముద్దాయి తరఫు ధీమా. ఆ ధీమాను పోగొట్టాల్సింది ప్రాసిక్యూటరే.

దర్యాప్తు పోలీసుల చేతుల్లో ఉంటుంది, ప్రాసిక్యూటర్ ఆదేశాలివ్వలేరు, సలహా మాత్రమే చెప్పగలరు. మన చట్టంలో పెద్ద లోపం ఇదేనని నా గట్టి నమ్మకం. విదేశీయులు ఫిర్యాదు చేసిన కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టిన రోజే ఏపీపీకి ఫోన్ వెళ్లాలి. చార్జిషీటు వచ్చాక ఫైలు తెరిస్తే, అప్పటికి ఫిర్యాది ఏ దేశంలో ఉందో కూడా తెలియదు.

2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారుల్ని నాగార్జునసాగర్ బుద్ధవనానికి, పోచంపల్లికి, పిల్లలమర్రికి తీసుకొచ్చారు. రోడ్లు ఊడ్చారు, దారి పొడవునా పోలీసుల్ని నిలబెట్టారు. సంతోషమే. కానీ తన డబ్బుతో తాను వచ్చి, మా నేతగాళ్ల దగ్గర చీర కొనుక్కునే మామూలు టూరిస్టు కోసం స్టేషన్‌లో ఒక ఇంగ్లిష్ ఫిర్యాదు ఫారం అయినా ఉండాలి కదా! సాక్షుల గతి కూడా అంతే. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చోవాలి, మధ్యాహ్నానికి జడ్జిగారు సెలవని తెలుస్తుంది. భత్తా మాట అడిగేవాడే లేడు.

కేసు ఇంకా నడుస్తోంది. ఆమె మెయిల్‌లో అందుబాటులోనే ఉంది, వీడియోలో సాక్ష్యం చెప్తానంటోంది. మీ ఇంటికో దుకాణానికో విదేశీయులు వచ్చి ఇలాంటిది జరిగితే, మిస్సింగ్ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చాకే స్టేషన్ నుంచి కదలండి.