టెక్ సందేహాలు: కోట ముట్టడిలో మొరాయిస్తున్న ల్యాప్‌టాప్

గాజువాక నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: సార్, ‘మెడీవల్ 2: టోటల్ వార్’ ఆడుతున్నాను. మ్యాప్ మీద సైన్యాన్ని కదిపేటప్పుడు ఇబ్బందేమీ లేదు. యుద్ధంలోకి దిగితే, అందులోనూ కోట ముట్టడిలో, ఆట ఆగి ఆగి కదులుతోంది. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నాయి. షాపులో 16 జీబీకి పెంచుకోమన్నారు. పెంచమంటారా?

ఈ ఆట కోసమైతే వద్దు, ఆ డబ్బు దాచుకోండి. 2006లో వచ్చిన ఆట ఇది. 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి మెషీన్‌లో ఎంత ర్యామ్ ఉన్నా 4 జీబీకి మించి వాడుకోలేదు. మీ 8 జీబీ చాలు.

మ్యాప్ మీద ఆట వంతులవారీగా నడుస్తుంది, ప్రాసెసర్‌కి తొందర లేదు. యుద్ధం అలా కాదు. ఒక్కో సైన్యంలో 20 దళాల దాకా ఉంటాయి. ఎవరు ఎటు నడవాలి, ఎవరి దెబ్బ ఎవరికి తగలాలి అన్న లెక్క క్షణక్షణం తేలాలి. కోటలో ఇరుకు సందులు, గోడలు, నిచ్చెనలు ఉంటాయి కనుక ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్ని కోర్‌లంటారు. ఈ పనిలో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద పడుతుంది. అందుకే ఎనిమిది కోర్ల కొత్త ల్యాప్‌టాప్ కూడా తడబడుతుంది.

ముందు ఒకటి చూడండి. యుద్ధం నడుస్తుండగా ఆల్ట్, ట్యాబ్ నొక్కి బయటికొచ్చి టాస్క్ మేనేజర్‌లో ‘పెర్ఫార్మెన్స్’ తెరవండి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తాయి. ఎన్‌విడియా పేరున్నది ఖాళీగా కూర్చుని, ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న గ్రాఫిక్స్ కష్టపడుతుంటే దొంగ దొరికినట్టే. పాత ఆటల విషయంలో విండోస్ ఈ పొరపాటు తరచూ చేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరుసలో వెళ్లి ఆట ఫైల్‌ని జత చేసి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి. ఆ ఫైల్ ఎక్కడుందో తెలియకపోతే, ఆటను స్టీమ్ అనే ఆటల స్టోర్‌లో కొని ఉంటే, అందులో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ‘మేనేజ్’లో ‘బ్రౌజ్ లోకల్ ఫైల్స్’ నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది.

అప్పటికీ తేడా లేకపోతే నీడలు తగ్గించండి. యూనిట్ సైజ్ (ఒక్కో దళంలో సైనికుల సంఖ్య) ‘హ్యూజ్’లో ఉంటే ఒక మెట్టు దించండి. అయితే సైజు మార్పు కొత్తగా మొదలుపెట్టే ఆటకే వర్తిస్తుంది. చార్జర్ పెట్టకుండా మాత్రం ఆడకండి, బ్యాటరీ మీద ఇలాంటి ల్యాప్‌టాప్ వేగం తానే తగ్గించుకుంటుంది.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి, తేమ కలిసి ఫ్యాన్ రెక్కల మీది దుమ్మును జిగురుగా పట్టేస్తాయి. పోయిన మే నెలలో నా ల్యాప్‌టాప్ వెనక మూత తీస్తే వేడి బయటికి పోయే సన్నటి రేకుల మధ్య బూడిద రంగు దూది చుట్టలా పేరుకుని ఉంది. మెత్తని బ్రష్‌తో దాన్ని తీశాక ఫ్యాన్ గోల సగానికి తగ్గింది. ఏడాదికోసారి శుభ్రం చేయించండి, పరుపు మీద పెట్టి ఆడకండి.

సీతమ్మధార నుంచి ఒక ఉపాధ్యాయిని: నేనూ మా అబ్బాయీ ఇదే ఆట ఆడతాం. ఖరీదైన రౌతుల్ని పంపినా ఈటెలవాళ్ల చేతిలో చచ్చిపోతున్నారు. ఎక్కడ తప్పుతున్నాం?

మీరు శత్రువు మీద రెండుసార్లు క్లిక్ చేస్తున్నారనుకుంటాను. అలా చేస్తే గుర్రాలు మొదటి అడుగు నుంచే పరుగెత్తుతాయి, వరస చెదురుతుంది, ఒక్కొక్కరుగా వెళ్లి తగులుతారు. దూరంగా నిలబెట్టి, వరస కుదిరాక ఒక్కసారే క్లిక్ చేయండి. ముందు నడుస్తారు. దగ్గరికి రాగానే బల్లేలు వంచి అందరూ ఒక్క ఊపున దూకుతారు. ఆ మొదటి దెబ్బలోనే రౌతుల బలమంతా ఉంది. తగిలాక అక్కడే కత్తులు దూస్తూ ఉండనివ్వకండి, వెనక్కి లాగి మళ్లీ పంపండి.

ఈటెలవాళ్ల మీదికి ఎదురుగా ఎప్పుడూ వెళ్లొద్దు. మీ కాలిబంటుల్ని వాళ్లకి ఎదురు నిలిపి, పోరు ముదిరాక రౌతుల్ని వెనక నుంచి పంపండి. చేయి తిరిగేదాకా ‘పి’ నొక్కి యుద్ధాన్ని ఆపి ఆజ్ఞలివ్వండి. అది మోసం కాదు. ఆ నిశ్శబ్దంలో మైదానం మొత్తం ఒకసారి చూడడమే ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

మధురవాడ నుంచి ఒక పాఠకుడు: ఇది ఫోన్‌లో దొరుకుతుందా?

దొరుకుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ వచ్చింది. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. కొనేముందు మీ మోడల్‌లో పనిచేస్తుందో లేదో స్టోర్‌లో చూసుకోండి. చిన్న తెర మీద దళాల్ని వేలితో పట్టుకోవడం కష్టం. ట్యాబ్ ఉంటే దాని మీదే ఆడండి.

పెందుర్తి నుంచి ఒక చరిత్ర విద్యార్థి: ఈ ఆటలో మన రాజులెందుకు లేరు? ఉన్న ఆట ఏదైనా చెప్పండి.

ఇందులో కథ 1080 నుంచి 1530 దాకా యూరప్, మధ్యధరా చుట్టూ తిరుగుతుంది. మన దేశం ఆ మ్యాప్‌లోనే లేదు. 2020లో వచ్చిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’ మ్యాప్‌లో భారతదేశం ఉంది. అక్కడ యుద్ధరంగంలో దళాల్ని మీరు నడపలేరు, సైన్యాలు మ్యాప్ మీదే తేల్చుకుంటాయి. దాని అసలు బలం పెళ్లిళ్లు, వారసత్వాలు, చుట్టరికాలు.

మీకు అదే నచ్చుతుందని నా నమ్మకం. ఎందుకంటే వేంగి చరిత్ర అచ్చం అలాంటిదే. రాజరాజ నరేంద్రుడు చేసుకున్నది రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల కొడుకు 1070లో తల్లివైపు చుట్టరికంతో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. మన విశాఖకు ఒకప్పుడు కులోత్తుంగచోళపట్టణమన్న పేరు ఆయన వల్ల వచ్చిందే. ఆట మొదలుపెట్టేటప్పుడు 867, 1066 వంటి సంవత్సరాలు చూపిస్తుంది. 1066 ఎంచుకోండి. ఆ పట్టాభిషేకానికి ఇంకా నాలుగేళ్లుంటుంది.