మావాడు క్లిక్‌కు నిలవడం లేదు, ఏం చేయమంటారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంత పాటలు రికార్డు చేసుకుందామని తిరుగుతున్న బ్యాండువాళ్లవే. సాంకేతిక విషయాలకు ఒక సౌండ్ ఇంజనీరు, హక్కుల సంగతులకు ఒక న్యాయవాది జవాబులిచ్చారు. ఉత్తరాలు కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: మేం నలుగురం. డ్రమ్స్, బేస్, గిటారు, గాత్రం. సొంత పాటలు ఆరున్నాయి. తలా పదివేలు వేసి 40,000 పోగు చేశాం. స్టూడియోలో గంటకు 800, పాటకు మిక్సింగు (ట్రాకులన్నీ తూకంగా కలపడం) 6,000, మాస్టరింగు (విడుదలకు ముందు చివరి మెరుగు) 1,500 చెప్పారు. ఆరూ కానిచ్చేద్దామని వాళ్లు ముగ్గురు, రెండు చాలని నేను. రోజూ ఇదే గొడవ. (విశాఖపట్నం)

లెక్క మీ పక్షానే ఉంది. ఆరు సంగతి తర్వాత, మూడు పాటలకే వేసి చూడండి. మిక్సింగు 18,000, మాస్టరింగు 4,500. డ్రమ్స్‌కు పది గంటలు 8,000. గాత్రానికి పాటకు నాలుగు గంటల చొప్పున 9,600. డ్రమ్ స్కిన్లకు, తీగలకు 4,000. మొత్తం 44,100. గిటారు, బేస్ ఇంట్లోనే చేసుకుంటారనుకున్నా చేతిలో ఉన్నది దాటిపోయింది. రెండు పాటలైతే 12,000, 3,000, డ్రమ్స్ ఎనిమిది గంటలకు 6,400, గాత్రానికి 6,400, స్కిన్లు, తీగలు 4,000. అంతా కలిపి 31,800. మిగిలిన 8,200 ముట్టుకోకండి. గాయకుడికి గొంతు పట్టేసి ఒక పూటంతా మళ్లీ పాడాల్సి రావచ్చు. అప్పుడు 'ఇంకో రెండేసి వేలు తీయండ్రా' అనాల్సి వచ్చిందో, మాటా మాటా పెరిగేది అక్కడే.

ఏ రెండు అంటే, జామ్ రూమ్‌లో (ప్రాక్టీసు గదిలో) ఎక్కడా ఆగకుండా వరుసగా మూడుసార్లు వచ్చినవి. ఎవరికి ఏది ఇష్టమన్నది దాని తర్వాత.

డ్రమ్స్ రోజు ఎనిమిది గంటలూ వాయించడానికే అనుకోకండి. సెట్ బిగించి మైకులు పెట్టేసరికి రెండు గంటలు, సౌండ్ చూసుకోవడానికి ఒకటి, ఫైళ్లు కాపీ చేసి సర్దుకోవడానికి ఒకటి. టేకులకు దక్కేది నాలుగే. బిగించే టైమ్‌కు కూడా మీటరు తిరుగుతుందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. స్నేర్ (కాళ్ల మధ్య ఉండే చురుకు డ్రమ్), టామ్స్ (చుట్టూ ఉండే మిగతా డ్రమ్స్) పై స్కిన్లు ఒకటి రెండు రోజుల ముందే మార్చి, బాగా వాయించి, మళ్లీ శ్రుతి చేసి పెట్టండి. అదే రోజు మారిస్తే టేకు టేకుకూ సాగి దిగిపోతాయి. కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) పెడల్‌కు, స్టూలుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి. జామ్ రూమ్ హోరులో వినపడని కిచకిచ స్టూడియో మైకుకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది.

ఇంజనీరు మైకులు పెడుతున్నప్పుడు ఒకటి గమనించండి. పైన వేలాడే రెండు ఓవర్‌హెడ్ మైకులూ స్నేర్ నడిమధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. దారం పట్టి కొలిస్తే చాలు. శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. ఒక మైకు అంత దూరం జరిగితే రెండింటినీ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్ అట్టపెట్టె కొట్టినట్టు డొల్లగా మోగుతుంది, అందరూ పాపం డ్రమ్మర్‌ని అంటారు.

ప్రశ్న: మా డ్రమ్మర్ ఇంటర్ నుంచి స్నేహితుడు. స్టేజీ మీద పులి. క్లిక్ (వేగం తప్పకుండా హెడ్‌ఫోన్‌లో వినిపించే టిక్ టిక్) పెడితే మాత్రం నిలవడు, ముందుకు పరిగెత్తిపోతాడు. వాడికి చెప్పకుండా డ్రమ్స్ కంప్యూటరులో ప్రోగ్రామ్ చేయించేద్దామని మిగతావాళ్లు అంటున్నారు. (హన్మకొండ)

చెప్పకుండా అనేది తీసేయండి. మొదటిసారి పాట వినగానే అతనికి తెలిసిపోతుంది. చేత్తో వాయిస్తే ఏ రెండు స్నేర్ దెబ్బలూ ఒకేలా ఉండవని డ్రమ్మర్‌కు చెప్పక్కర్లేదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. జామ్ రూమ్‌లో పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ట్యాప్ టెంపో యాప్ పట్టుకుని ప్రతి ఎనిమిది బార్లకు (ఆవర్తాలకు) వేగం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, రాసుకోండి. చరణంలో 92 ఉండి పల్లవి రాగానే 96 అయితే, ఆ పెరుగుదల ప్రతిసారీ అక్కడే వస్తుంటే, అది తప్పు కాదు, పాట అడుగుతున్న వేగం. ఇంజనీరుకు చెప్పి క్లిక్‌నే అలా మార్చించండి: చరణం 92, పల్లవి 96. దీన్ని టెంపో మ్యాప్ అంటారు, పది నిమిషాల పని. మొత్తం పాటకు ఒకే అంకె పెట్టి 'నిలవడం లేదు' అనడం చాలాసార్లు అన్యాయం.

అలా కాక ఫిల్స్ (ఒక భాగం నుంచి ఇంకో భాగంలోకి వెళ్లేటప్పుడు వాయించే చిన్న అల్లికలు) దగ్గరే పరిగెడుతుంటే (ఎక్కువమందికి జబ్బు అక్కడే) మూడు వారాలు పెట్టుకోండి. మొదటి వారం క్లిక్‌తో కిక్, హైహ్యాట్ (జంట సింబల్) మాత్రమే, ఫిల్స్ అసలు వద్దు. రెండో వారం ఫిల్స్ కలిపి, చేతులు ఫిల్‌లో ఉన్నంతసేపూ నోటితో 'తకధిమి తకజణు' పైకి అనాలి. నోరు తడబడిందంటే చెయ్యి పరిగెత్తినట్టే. మూడో వారం క్లిక్‌ను రెండు బార్లు వినిపించి రెండు బార్లు ఆపేయండి. తిరిగి వచ్చినప్పుడు ఎంత తేడాలో కలుస్తున్నాడో అతనికే వినపడుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ.

క్లిక్ శబ్దం కూడా మార్చండి. టిక్ టిక్ మనే బీప్‌లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీలోనే జారిపోతారు. దాని బదులు పదహారో భాగాలు పలికే షేకర్ లూప్ పెడితే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. హెడ్‌ఫోన్ చెవుల్ని పూర్తిగా మూసేది కావాలి. పాట చివర సింబల్ మోత ఆరిపోయేటప్పుడు క్లిక్ ఆపేయమని ఇంజనీరుకు ముందే చెప్పండి. లేదంటే ఆ నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్‌లోంచి కారిన టిక్ టిక్ మైకులో పడుతుంది, దాన్ని తర్వాత తీయడం నరకం.

మూడు వారాలయ్యాకా కుదరకపోతే క్లిక్ లేకుండా డ్రమ్స్, బేస్, గిటారు కలిసి లైవ్‌గా వాయించి రికార్డు చేయండి. ఇబ్బంది ఒక్కటే: తర్వాత లూపులు, ప్రోగ్రామింగు అతికించడం కష్టం. మీ పాటలో అవి లేకపోతే ఏ ఇబ్బందీ లేదు. అదీ కాదు, ప్రోగ్రామ్ చేయాల్సిందే అంటే ప్యాడ్ల మీద ఆ భాగాలు అతని చేతే వాయించనివ్వండి. వేగం కంప్యూటరు సరిచేస్తుంది, ఆలోచన అతనిదే ఉంటుంది, పేరు కూడా.

ప్రశ్న: పాటలు నేను రాస్తాను. ట్యూన్ నేనూ గిటారిస్టూ కలిసి కడతాం. డబ్బులో ఎక్కువ వాటా అతనిదే, 16,000. మిగతా ముగ్గురం 8,000 చొప్పున. పాట అతనిదవుతుందా? స్నేహంలో కాగితాలేంటని అంటాడు. (విజయవాడ, గాయని)

డబ్బు పెట్టినందుకు సాహిత్యం, ట్యూన్ అతనివి కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాటలో మూడు వేరువేరు హక్కులుంటాయి. సాహిత్యం రాసినవారిది: మీది. సంగీతం కట్టినవారిది: మీ ఇద్దరిది. సౌండ్ రికార్డింగు నిర్మాతది, అంటే రికార్డింగుకు పూనుకుని బాధ్యత తీసుకున్నవారిది. చిక్కు ఈ మూడోదాని దగ్గరే వస్తుంది. బుకింగు, బిల్లులు, రశీదులు అన్నీ ఒక్కరి పేర ఉంటే రేపు 'పూనుకున్నది నేనే' అనడానికి అవకాశం ఇచ్చినట్టే. నలుగురి పేరా ఒక పేజీ రాసుకోండి. సాహిత్యం, సంగీతం హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగుది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు. అంత కాలం నడిచే దానికి ఒక పేజీ రాయడం స్నేహానికి చిన్నతనమేమీ కాదు.

మీ విషయంలో న్యాయంగా తోచేది ఇది. సాహిత్యం, సంగీతం కలిపి నూరనుకుంటే సాహిత్యానికి 50, మొత్తం మీకే. సంగీతానికి 50, అందులో మీకు 25, అతనికి 25. ఇది చట్టం పెట్టిన అంకె కాదు, మీలో మీరు ఒప్పుకునేది. బేసిస్టు కట్టిన వరస పాట మొత్తానికి గుర్తుగా నిలిచేదైతే అతనికీ సంగీతంలో వాటా రాయండి. రికార్డింగు నలుగురికీ సమానం. గిటారిస్టు అదనంగా వేసిన 8,000 వాటా కాదు, బ్యాండుకిచ్చిన అప్పు; వచ్చే ఆదాయంలోంచి ముందు అది తీర్చి, తర్వాతే పంచుకోండి. తేదీ వేసి అందరూ సంతకం పెట్టండి. ఎవరైనా హక్కు ఇంకొకరికి రాసిచ్చేటట్టయితే గడువు, ప్రాంతం స్పష్టంగా రాయాలి. గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టం అనుకుంటుంది.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్యానికి 500, సంగీతానికి 500, సౌండ్ రికార్డింగుకు 2,000 ఫీజు. దరఖాస్తుకు డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

పెద్ద గొడవలు మాత్రం హక్కుల దగ్గర కాదు, పాస్‌వర్డుల దగ్గర వస్తాయి. పాటను యాప్‌లలోకి పంపే డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఎవరి సొంత మెయిలుతోనూ తెరవకండి. బ్యాండు పేర ఒక మెయిలు, ఇద్దరి దగ్గర పాస్‌వర్డు. ఆ రికార్డింగును గుర్తించడానికి పాటకు వచ్చే పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడు ఆ ఒప్పంద పేజీలోనే రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడు వాడాలి, లేకపోతే అప్పటిదాకా వచ్చిన ప్లేల లెక్క చెదిరిపోవచ్చు.

ప్రశ్న: మా బేసిస్టు ఆగస్టులో ఎమ్మెస్‌కు డాలస్ వెళ్తున్నాడు. కొత్తవాణ్ని వెతకాలా? వాడు మాత్రం అక్కణ్నుంచి వాయిస్తానంటున్నాడు. (హైదరాబాద్)

వాయించవచ్చు, బేస్ అందుకు చాలా అనువైన వాద్యం. ఆంప్‌కు మైకు పెట్టక్కర్లేదు, ఇంటర్‌ఫేస్‌లో (కంప్యూటరుకు కలిపే ఆడియో పెట్టెలో) నేరుగా గుచ్చితే సరి. అయితే విమానం ఎక్కేలోపు ఉన్న పాటలన్నిటికీ క్లిక్ మీద ఒక్కో టేకు తీసి పెట్టుకోండి, ఇప్పుడు రికార్డు చేయనివి కూడా. ఖర్చేం లేదు. డ్రమ్స్ పడ్డాక ఎలాగూ అతను మళ్లీ వాయించాలి, కానీ ఏ వరస ఎక్కడ వాయించాడో గుర్తుంటుంది.

పంపుకోవడానికి ఒకే పద్ధతి పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. మీరు 48లో ఉండి అతను పంపిన 44.1 ఫైలును ప్రోగ్రాము మార్చకుండా అలాగే ఆడిస్తే, నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల నలభై సెకన్లలో అయిపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోను పైకి పోతుంది. బేస్ రెండో చరణంలో మొదలైనా సరే, ఫైలు మాత్రం పాట సున్నా సెకను నుంచే ఉండాలి. అప్పుడు తెచ్చి మొదట్లో పెడితే తనంతట తనే సరిపోతుంది. ఫైలు పేరులో పాట, వాద్యం, వేగం, టేకు నంబరు రాయండి. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని పంపేవాణ్ని స్నేహితుడైనా క్షమించకండి.

ఇంకొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. అతని ట్రాక్‌లో హమ్ (కరెంటు గుంయిమనే మోత) వస్తే ఇక్కడి అలవాటుగా 50, 100, 150 దగ్గర ఫిల్టర్ పెడితే పోదు. 60, 120, 180 దగ్గర కొట్టాలి. మాట్లాడుకోవడానికి మన రాత్రి 8 గంటలు వేసవిలో అతనికి పొద్దున్న తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర.

ప్రశ్న: అద్దె గదిలో పాడి రికార్డు చేస్తే బాత్రూమ్‌లో పాడినట్టుంది. గోడలకు గుడ్ల అట్టలు కొట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. (కరీంనగర్)

కొట్టకండి. అవి పైపై చురుకుదనాన్ని కాస్త తగ్గిస్తాయి తప్ప గది మోతను పీల్చవు, పైగా నిప్పంటుకుంటే ఆగవు. పరుపు తీసి మైకు వెనక కాదు, మీ వీపు వెనక నిలబెట్టండి. కార్డియాయిడ్ మైకు వినేది మీవైపు. మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దానిలో పడేది. పక్కల రెండు బొంతలు వేలాడదీయండి. మైకుకూ నోటికీ జానెడు దూరం. ప, ఫ, భలు పడ్డచోట గాలి బుస్సుమంటే మైకును కాస్త పక్కకు తిప్పండి, గాలి దాని పక్కనుంచి పోవాలి. రికార్డింగు మీటరులో లెవెల్ గట్టిగా పాడిన చోట మైనస్ 10 డీబీ దగ్గర ఆగాలి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి (తర్వాత ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోవద్దు). గదిలో ఇనప బీరువా ఉంటే తలుపు సందులో గుడ్డ దూర్చండి. కొన్ని స్వరాలకు అది కూడా పాడుతుంది.

ప్రశ్న: మా పాటలో డప్పు ఉంది. వాయించే అన్న స్టూడియోకు ఎప్పుడూ రాలేదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (నల్లగొండ)

తోలు బిగియడానికి డప్పును కాచే మంట సంగతి ముందు మాట్లాడండి. స్టూడియో లోపల కాచనివ్వరు, ఆవరణలో చోటు అడిగి పెట్టుకోండి. డప్పులు రెండు తెమ్మనండి. ఒకటి వాయిస్తుండగా రెండోది కాగుతుంది. వానాకాలమైతే తోలు ఇంకా తొందరగా వదులవుతుంది కాబట్టి ప్రతి టేకు తర్వాతా మొదటి టేకుతో పోల్చి వినండి. రెండు టేకుల్ని కలిపి అతికేటప్పుడు నాదం తేడా కొడితే దాచలేం. మైకు కనీసం రెండడుగుల దూరంలో, తోలుకు కాస్త ఏటవాలుగా పెట్టించండి. దగ్గర పెడితే చిటికెన పుల్ల (సన్న కర్ర) చప్పుడే వినపడి సిర్ర (లావు కర్ర) దెబ్బ బరువు పోతుంది. ఆయన అడుగు వేస్తూ వాయించే మనిషైతే నిలబెట్టి కట్టేయకండి, కింద మందంగా తివాచీ పరిచి గజ్జెలు మాత్రం విప్పించండి. హెడ్‌ఫోన్లో క్లిక్ వద్దు, మీ డ్రమ్స్ ట్రాక్ వినిపించండి. గంటల లెక్క మీది, ఆయనకు ఇవ్వాల్సింది పాటకు ఇంత అని ముందే మాట్లాడుకుని, స్టూడియో నుంచి బయల్దేరేలోపు చేతిలో పెట్టండి.